బొగ్గు ఒక్కటే ఇంధనమా, ఒకే పేరున్న నాలుగైదు ఇంధనాలా?

ప్రశ్న: భౌతికశాస్త్ర అధ్యాపకుడు

అందరికీ నమస్కారం. నేను డిప్లొమా విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. ఇంధనాల పాఠంలో బొగ్గు దగ్గరికి వచ్చేసరికి పుస్తకం విద్యుత్తు, ఉక్కు, సిమెంటు, రసాయనాలు అని ఒక్క వాక్యంలో చెప్పేసి ముందుకు సాగిపోతుంది. విద్యార్థులకు మాత్రం అది చాలలేదు. ఎండ నుంచి, గాలి నుంచి విద్యుత్తు తీయగలుగుతున్నప్పుడు ఈ జాబితా మొత్తానికి బొగ్గు అవసరం తీరిపోయినట్లేనా అన్నది వారి సందేహం. పైకి చిన్న ప్రశ్నలా ఉన్నా, నాకు తెలిసిన మేరకు సూటిగా జవాబు చెప్పలేని ప్రశ్న.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి మూడు విషయాలు. ఏ గనిలో తవ్విన బొగ్గునైనా ఏ కొలిమిలోనైనా వాడుకోవచ్చా, వాడుకోలేకపోతే అడ్డు వచ్చేది ఏమిటి? థర్మల్ కేంద్రంలో కిలో బొగ్గు మండితే వచ్చే వేడిలో తీగల దాకా చేరేది ఎంత, మిగిలింది ఎక్కడికి పోతుంది? ఇక ఉక్కు, సిమెంటు తయారీలో బొగ్గు చేసే పని వేడినివ్వడం ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా? ఆయా రంగాల్లో స్వయంగా పనిచేసినవారు వివరిస్తే తరగతిలో ధైర్యంగా చెప్పగలుగుతాను.

జవాబు: థర్మల్ కేంద్రం ఇంజనీరు

మాస్టారూ, మొదటి రెండు ప్రశ్నలకు నేను జవాబిస్తాను. ఉక్కు సంగతి ఆ పనిలో ఉన్నవారు చెబితేనే బాగుంటుంది.

భూమిలో కూరుకుపోయిన వృక్షజాలం మీద లక్షల, కోట్ల సంవత్సరాల పాటు వేడి, ఒత్తిడి పనిచేసే కొద్దీ అందులోని నీరూ ఆక్సిజనూ తగ్గుతూ కార్బన్ పాలు పెరుగుతూ పోతుంది. ఆ ప్రయాణంలో ఏ మజిలీలో తవ్వి తీశామన్న దాన్ని బట్టి లిగ్నైట్, సబ్ బిట్యూమినస్, బిట్యూమినస్, ఆంత్రసైట్ అని పేర్లు పెట్టారు. గని నుంచి తీసిన లిగ్నైట్‌లో బరువు ప్రకారం మూడో వంతు నుంచి సగం దాకా నీరే ఉండవచ్చు. అందుకే కిలోకు 10 నుంచి 20 మెగాజౌళ్లకు మించి వేడి రాదు. మంచి బిట్యూమినస్ బొగ్గు 24 నుంచి 30 మెగాజౌళ్ల దాకా ఇస్తుంది. ఆంత్రసైట్‌లో కార్బన్ అన్నిటికంటే ఎక్కువ, పొగ తక్కువ. అయితే వేడి చేయగానే ఆవిరై బయటికి వచ్చి ముందుగా అంటుకునే వాయు పదార్థం అందులో బాగా తక్కువ కాబట్టి దాన్ని వెలిగించడమే కష్టం. ఆంత్రసైట్ కోసం మంట ఎక్కువసేపు కొలిమిలోనే తిరిగేలా ప్రత్యేకమైన ఆకారంలో బాయిలర్లు కడతారు. అంటే వేడి ఎక్కువ ఇచ్చే బొగ్గు అన్ని చోట్లా మంచి బొగ్గు అనుకోవడానికి వీలు లేదు.

మా రంగంలో అసలు తలనొప్పి బూడిదతో. బాయిలర్ గొట్టాల మీదికి వచ్చేసరికి బూడిద పొడిగా ఉంటే రాలిపోతుంది. అదే అప్పటికి సగం కరిగి జిగురుగా ఉంటే గొట్టాలకు అంటుకుని గట్టిపడి, లోపలి నీటికి వేడి అందకుండా అడ్డుపడుతుంది. కొన్నిసార్లు ఆ గడ్డలు పెద్దవై పైనుంచి విరిగి పడితే కింది భాగం దెబ్బతింటుంది. బూడిద ఏ ఉష్ణోగ్రత దగ్గర మెత్తబడుతుందో తెలియకుండా కొలిమి ఎత్తు, వెడల్పు నిర్ణయించరు. బూడిదలో క్వార్ట్జ్ (ఇసుకలో ఉండే గట్టి ఖనిజం) ఎక్కువగా ఉంటే గొట్టాలు, మిల్లు భాగాలు అరిగిపోతాయి. ఒక బొగ్గును మనసులో పెట్టుకుని కట్టిన బాయిలర్‌లో మరీ వేరైన బొగ్గు వేస్తే అది మండకపోదు గానీ, పూర్తి సామర్థ్యం ఇవ్వదు, లేదా నెలల్లోనే మరమ్మతుకు వస్తుంది. మీ మొదటి ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు ఇదే.

ఇక వేడి లెక్క. యార్డు నుంచి బెల్టు మీద వచ్చిన బొగ్గును మిల్లులో ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా విసురుతారు. అందులో దాదాపు 70 శాతం 75 మైక్రాన్ల జల్లెడలోంచి దిగిపోవాలి. వేడిగాలి ఆ పొడిని ఆరబెడుతూనే గొట్టాల గుండా బర్నర్ల దాకా ఎత్తుకుపోతుంది. మిల్లు నుంచి బయటికి వచ్చే గాలి ఉష్ణోగ్రతను కంట్రోల్ రూములో కన్నార్పకుండా చూస్తుంటాం. అది మరీ తగ్గితే తడి పొడి గొట్టాల్లో పేరుకుంటుంది, మరీ పెరిగితే మిల్లులోనే నిప్పు అంటుకుంటుంది. కొలిమిలో ఆ పొడి గాలిలో తేలుతూనే ఒకటి రెండు సెకన్లలో మండిపోతుంది.

మంచి బాయిలర్ ఆ వేడిలో 85 నుంచి 90 శాతం దాకా ఆవిరికి అందిస్తుంది. మిగిలింది ప్రధానంగా పొగగొట్టం దారిన పోతుంది. పొగను ఇంకా చల్లార్చి ఆ వేడిని కూడా రాబట్టవచ్చు కదా అని మీ విద్యార్థులు అడగవచ్చు. బొగ్గులోని గంధకం వల్ల ఒక హద్దు దాటి చల్లారిస్తే లోహం మీద సల్ఫ్యూరిక్ ఆమ్లం పేరుకుని తినేస్తుంది. అందుకే పొగను సాధారణంగా 130 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వదిలేస్తారు.

పెద్ద నష్టం బాయిలర్‌లో జరగదు, టర్బైన్ తర్వాత జరుగుతుంది. 540 డిగ్రీల దగ్గర టర్బైన్‌లోకి వెళ్లిన ఆవిరి పని పూర్తి చేసుకుని 40 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా కండెన్సర్‌లోకి దిగుతుంది. అక్కడ అది మళ్లీ నీరుగా మారాలంటే తన గుప్తోష్ణాన్ని చల్లటి నీటికి వదిలిపెట్టక తప్పదు. బొగ్గు ఇచ్చిన మొత్తం వేడిలో ఇంచుమించు సగం ఇక్కడే పోతుంది. ఇది యంత్రం లోపం కాదు. మీరు పాఠంలో చెప్పే కార్నో సూత్రాన్నే ఈ రెండు ఉష్ణోగ్రతలకు వర్తింపజేస్తే ఆదర్శ యంత్రానికి కూడా 61 శాతమే హద్దుగా వస్తుంది. వాస్తవంలో పాత తరహా కేంద్రాలు 33 నుంచి 38 శాతం దగ్గర ఆగుతాయి. నీటికీ ఆవిరికీ మధ్య భేదం చెరిగిపోయే 221 బార్ల పీడనం, 374 డిగ్రీల సందిగ్ధ బిందువును (క్రిటికల్ పాయింట్) దాటించి, 600 డిగ్రీల దాకా వేడెక్కించి నడిపే కొత్త కేంద్రాలు 45 శాతం చుట్టుపక్కలకు చేరాయి. అంతకంటే పైకి వెళ్లనీయకుండా అడ్డుపడుతున్నది ఆ వేడిలో ఏళ్ల తరబడి సాగిపోకుండా నిలబడే లోహం ఖరీదు.

బోర్డు మీద వేయడానికి ఒక లెక్క ఇస్తాను. కిలోకు 24 మెగాజౌళ్ల బొగ్గు, 38 శాతం సామర్థ్యం అనుకోండి. ఒక యూనిట్ విద్యుత్తు అంటే 3.6 మెగాజౌళ్లు కాబట్టి కిలో బొగ్గుకు సుమారు రెండున్నర యూనిట్లు వస్తాయి. అదే 12 మెగాజౌళ్ల లిగ్నైట్ అయితే 35 శాతం సామర్థ్యానికి ఒక యూనిట్ పైచిలుకు. లిగ్నైట్ కేంద్రాలను గని పక్కనే ఎందుకు కడతారో ఈ లెక్కలోనే తెలిసిపోతుంది. అంత నీటిని రైళ్లలో ఎక్కించి దూరం తీసుకెళ్లడం ఎవరికీ గిట్టుబాటు కాదు.

మరొక సంగతి కూడా చెప్పాలి. యార్డులో పోసిన బొగ్గు ఊరికే పడి ఉండదు. గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలుస్తూ లోపల వేడెక్కుతుంది, ఆ వేడి బయటికి పోయే దారి లేకపోతే తనంతట తానే రాజుకుంటుంది. కుప్ప అంచుల దగ్గర పెద్ద గడ్డలు జారి చేరిన చోట గాలి సులువుగా లోపలికి పోతుంది కాబట్టి పొగ ముందుగా అక్కడే కనిపిస్తుంది. నీళ్లు చల్లితే పైపైన చల్లబడినట్లే ఉంటుంది గానీ లోపల ఆరదు. బుల్డోజర్‌తో పొరలు పొరలుగా తొక్కించి గాలికి దారి లేకుండా చేయడం, ముందు వచ్చిన బొగ్గును ముందే వాడేయడం మా వాళ్లు నమ్ముకున్న పద్ధతులు. రాజుకున్న చోటును తవ్వి, పలచగా పరిచి చల్లార్చాకే బెల్టు మీద వేస్తాం.

జవాబు: కోక్ ఓవెన్ల విభాగంలో పనిచేసినవాడు

పై మిత్రుడు విద్యుత్తు భాగాన్ని చక్కగా చెప్పారు. ఉక్కు దగ్గరికి వస్తే ఆ లెక్కలు దాదాపు ఏవీ పనికిరావు. ఎందుకంటే ఖనిజం నుంచి ఇనుము తీసే కొలిమికి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్‌కు కావలసింది మండే గుణం ఒక్కటే కాదు.

ఇనుప ఖనిజం అంటే ఆక్సిజన్‌తో బిగుసుకున్న ఇనుము. దాన్ని ఎంత వేడి చేసినా కరుగుతుందే తప్ప ఇనుముగా మారదు. ఆక్సిజన్‌ను లాగేసే పదార్థం ఒకటి ఉండాలి. ఫర్నేస్ అడుగున 1000 డిగ్రీలకు పైగా వేడెక్కించి ఊదిన గాలికి కోక్ (గాలి తగలకుండా బొగ్గును కాల్చి చేసిన గట్టి ముద్ద) మండి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఆ వాయువు పైకి ఎక్కుతూ దారిలో ఖనిజంలోని ఆక్సిజన్‌ను తనలో కలుపుకుంటుంది. వేడి, ఆక్సిజన్‌ను లాగడం అనే ఈ రెండు పనులూ పుస్తకాల్లో ఉంటాయి. మూడో పనిని ఎవరూ పెద్దగా చెప్పరు. ఫర్నేస్ కింది భాగంలో ఇనుమూ చిట్టెమూ (ఖనిజంలోని మలినాలు కరిగిన ముద్ద) రెండూ ద్రవాలైపోయాక గట్టిగా నిలబడి ఉండేది కోక్ ముక్క ఒక్కటే. పైనున్న వందల టన్నుల బరువును అది మోయాలి, ముక్కల మధ్య సందుల్లోంచి ద్రవం కిందికి కారడానికీ వాయువు పైకి పోవడానికీ దారి ఇవ్వాలి. ముక్క పొడైపోతే దారులు మూసుకుపోతాయి, ఫర్నేస్ ఊపిరాడక మొరాయిస్తుంది.

అందుకే మామూలు బొగ్గు ఇక్కడ చెల్లదు. కోకింగ్ బొగ్గుకు ఒక అరుదైన గుణం ఉంది. గాలి తగలకుండా వేడి చేస్తే 350 నుంచి 500 డిగ్రీల మధ్య అది మెత్తబడి, ఉబ్బి, రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని, ఆ తర్వాత మళ్లీ గట్టిపడి సన్నటి రంధ్రాలున్న ఒకే ముద్దగా మారుతుంది. లిగ్నైట్‌కు గానీ ఆంత్రసైట్‌కు గానీ ఈ గుణం ఉండదు, బిట్యూమినస్‌లో కూడా అన్ని రకాలకూ ఉండదు. ఒకే రకం బొగ్గుతో నాణ్యమైన కోక్ రావడం అరుదు కాబట్టి రెండు మూడు రకాలను, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రకాలను పాళ్లు చూసి కలుపుతారు. ఆ పాళ్లు కుదర్చడమే మా పనిలో అసలు నేర్పు.

ఓవెన్ అంటే పొడవుగా, ఎత్తుగా, అర మీటరు చుట్టుపక్కల వెడల్పుతో ఉండే ఇటుకల గది. అలాంటివి పక్కపక్కనే పదుల సంఖ్యలో ఉంటాయి. గోడలకు అటూ ఇటూ గ్యాస్ మండుతుంది, లోపలి బొగ్గుకు మాత్రం గాలి తగలదు. 16 నుంచి 20 గంటలకు లోపలి ముద్ద మధ్య భాగం కూడా 1000 డిగ్రీలకు చేరుతుంది. రెండు వైపులా తలుపులు తీసి, ఒక వైపు నుంచి పొడవైన ఇనుప చేతితో నెట్టితే ఎర్రటి కోక్ గోడలా కదిలి అవతలి బండిలోకి విరిగి పడుతుంది. సరిగ్గా కాలిన కోక్ శుభ్రంగా పడుతుంది. నల్లటి పొగతో పడితే మధ్యలో పచ్చిగా మిగిలిందని అర్థం. తర్వాత దాన్ని నీటితో ఆర్పుతారు, లేదా నైట్రోజన్ తిప్పి చల్లార్చి ఆ వేడితో ఆవిరి తయారు చేస్తారు. రెండో పద్ధతిలో కోక్ గట్టిగా కూడా వస్తుంది.

టన్ను బొగ్గుకు సుమారు ముప్పావు టన్ను కోక్ మిగులుతుంది. వెళ్లిపోయిన పావు వంతు వృథా కాదు. అందులో సగానికి పైగా హైడ్రోజన్ ఉన్న గ్యాస్ వస్తుంది, దాన్ని ఓవెన్లను వేడి చేయడానికే కాక ప్లాంటులోని ఇతర కొలిములకూ పంపుతారు. తారు, అమోనియా, బెంజీన్ కూడా దొరుకుతాయి. 1856లో విలియం పెర్కిన్ తారు నుంచి వచ్చే పదార్థంతో ఊదారంగు అద్దకాన్ని తయారు చేయడంతో కృత్రిమ రంగుల పరిశ్రమకు నాంది పడింది. ఇప్పటికీ ఆ తారు నుంచి తీసే పిచ్ లేకుండా అల్యూమినియం తయారీకి వాడే కార్బన్ ఆనోడ్లను అతికించడం కష్టం.

చరిత్రలోకి ఒక్క క్షణం వెళ్తే, ఇంగ్లండులో కోల్‌బ్రూక్‌డేల్ దగ్గర అబ్రహాం డార్బీ 1709లో కోక్‌తో ఇనుము కరిగించడానికి ముందు ఈ పని కట్టెబొగ్గుతో సాగేది. కట్టెబొగ్గులో గంధకం లేదు, అది మంచిదే. కానీ అది పెళుసు. ఎత్తైన ఫర్నేస్ బరువును మోయలేదు. బ్రెజిల్‌లో నేటికీ కట్టెబొగ్గుతో ఇనుము తీస్తున్నారు, అయితే ఆ ఫర్నేసులు చిన్నవి. ఇప్పుడు మెత్తటి బొగ్గు పొడిని అడుగు నుంచి నేరుగా ఊది కోక్ ఖర్చును చాలా తగ్గిస్తున్నారు. వేడి ఇవ్వడం, ఆక్సిజన్‌ను లాగడం ఆ పొడికి చేతనవుతుంది, బరువు మోయడం చేతకాదు. కాబట్టి కోక్‌ను ఎంత తగ్గించినా సున్నాకు తేలేరు.

మీ విద్యార్థుల ప్రశ్నకు నా జవాబు ఏమిటంటే, సౌర విద్యుత్తు ఎంత చవకైనా అది దానంతట అది ఖనిజంలోంచి ఆక్సిజన్‌ను తీసేయదు. పాత ఇనుమును విద్యుత్తుతో కరిగించవచ్చు. కొత్త ఇనుము కావాలంటే ఆ విద్యుత్తుతో ముందు హైడ్రోజన్ తయారు చేసి, దానితో ఖనిజాన్ని శుద్ధి చేసే వేరే రకం ప్లాంటు కట్టాలి. స్వీడన్‌లో ఈ దారిలో తయారైన ఉక్కును 2021లో తొలిసారి కొనుగోలుదారుకు అందించారు. సాధ్యమే, కానీ ఉన్న ఫర్నేస్‌లో ఇంధనం మార్చినంత తేలిక కాదు.

జవాబు: సిమెంటు కిల్న్ నడిపేవాడు

సిమెంటు గురించి క్లుప్తంగా చెబుతాను. ఇక్కడ బొగ్గు ప్రధానంగా వేడి కోసమే. సున్నపురాయి, మట్టి కలిసిన పొడి కిల్న్ అనే కొలిమిలో 1450 డిగ్రీల దగ్గర, మెత్తగా విసిరితే సిమెంటయ్యే ఉండలుగా, అంటే క్లింకర్‌గా మారాలి. అయితే థర్మల్ ఇంజనీరు గారిని అంతగా బాధపెట్టే బూడిద మాకు శత్రువు కాదు. అది మంటతో పాటే కిల్న్‌లోకి వచ్చి క్లింకర్‌లో కలిసిపోతుంది. సిలికా, అల్యూమినా మాకు ఎలాగూ కావాలి, కాబట్టి బూడిదతో వచ్చే భాగాన్ని లెక్కగట్టి ముడి పొడిలో ఆ మేరకు తగ్గించుకుంటాం. చిక్కల్లా బొగ్గు రకం రోజుకొకలా మారితే ఆ లెక్క తప్పి క్లింకర్ నాణ్యత చెడడం.

సిమెంటు కిల్న్‌లో బొగ్గు బదులు టైర్లు, వ్యర్థాలు, బయోమాస్ మండించడం ఎప్పటినుంచో ఉన్నదే. కానీ ఇంధనాన్ని పూర్తిగా మార్చినా మా కార్బన్ డయాక్సైడ్‌లో సగానికి పైగా అలాగే ఉంటుంది, ఎందుకంటే అది సున్నపురాయి లోపలి నుంచి వస్తుంది.

జవాబు: ఇంధన విధానాలు చదివేవాడు

పైన ముగ్గురూ చెప్పినవాటితో నాకు పేచీ లేదు. కానీ వీటిని తరగతిలో చెప్పేటప్పుడు ఒక పొరపాటు అభిప్రాయం కలిగే ప్రమాదం ఉంది. ఉక్కుకు ప్రత్యామ్నాయం కష్టం అన్న మాటను బొగ్గుకే ప్రత్యామ్నాయం కష్టం అన్నంత దూరం లాగడం బహిరంగ చర్చల్లో తరచుగా కనిపిస్తుంది. ప్రపంచంలో మండే బొగ్గులో దాదాపు మూడింట రెండు వంతులు పోయేది విద్యుత్ కేంద్రాల్లోకి. కోక్‌గా మారేది అందులో చిన్న భాగం. మార్చడం తేలికైన చోటే వాడకం ఎక్కువగా ఉందన్న సంగతి విద్యార్థులకు స్పష్టంగా తెలియాలి.

బ్రిటన్‌నే చూడండి. 1882లో లండన్‌లో హోల్‌బర్న్ వయాడక్ట్ దగ్గర బొగ్గుతో ప్రజలకు విద్యుత్తు అందించిన కేంద్రం మొదలైంది. అదే దేశంలో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం, రాట్‌క్లిఫ్ ఆన్ సోర్, 2024 సెప్టెంబరు 30న మూతపడింది. మధ్యలో 1952 డిసెంబరులో లండన్‌ను కమ్మేసిన పొగమంచు వేల మందిని బలిగొంది, దాని ఫలితంగా 1956లో స్వచ్ఛమైన గాలి చట్టం వచ్చింది. ఆ పొగలో ఎక్కువ భాగం ఇళ్లలోని పొయ్యిల నుంచి వచ్చినదే. ఇంట్లో వేడికి బొగ్గు కాల్చడం అన్నిటికంటే హీనమైన వాడకం అని నా అభిప్రాయం. పెద్ద కేంద్రంలో బూడిదను 99 శాతానికి పైగా విద్యుత్ పలకలతో పట్టవచ్చు, గంధకాన్ని సున్నపురాయి నీటితో కడిగి జిప్సంగా మార్చవచ్చు. పొయ్యికి ఆ ఏర్పాట్లేవీ ఉండవు. పైగా మూసిన గదిలో గాలి చాలకుండా మండితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

ఇంజనీరు గారు ఇచ్చిన లెక్కకు ఇంకొక అడుగు కలపండి. ఆ 24 మెగాజౌళ్ల బొగ్గు కిలో మండితే సుమారు రెండుంపావు కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే యూనిట్‌కు దాదాపు 0.9 కిలోలు. బొగ్గు బరువు కంటే వాయువు బరువు ఎక్కువ ఎలా అవుతుందని విద్యార్థులు తప్పకుండా అడుగుతారు. గాలిలోని ఆక్సిజన్ బరువు కూడా చేరుతుంది కదా, 12 గ్రాముల కార్బన్‌కు 44 గ్రాముల వాయువు.

మీ పుస్తకంలో రసాయనాలు అన్న మాట వెనుక కూడా పెద్ద కథ ఉంది. బొగ్గును తగినంత గాలి ఇవ్వకుండా, ఆవిరితో కలిపి వేడి చేస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమం వస్తుంది. దాని నుంచి అమోనియా, యూరియా, మెథనాల్ తీయవచ్చు. జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ 1920ల్లో రూపొందించిన పద్ధతితో పెట్రోలు, డీజిలు కూడా చేయవచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో చమురు దొరకని జర్మనీ, ఆ తర్వాత దక్షిణాఫ్రికా ఈ దారి పట్టాయి. చమురు అందుబాటులో ఉన్న దేశాలు దీని జోలికి పెద్దగా పోలేదు. ఖర్చు ఎక్కువ, చమురు నుంచి తీసిన ఇంధనం కంటే ఉద్గారాలు బాగా ఎక్కువ.

అడిగినవారు: భౌతికశాస్త్ర అధ్యాపకుడు

అందరికీ కృతజ్ఞతలు. కండెన్సర్ లెక్క, కోక్ బరువు మోసే సంగతి నేను ఎక్కడా ఇంత సూటిగా చదవలేదు. ఇంకొక్క సందేహం మిగిలింది. ఒకే బొగ్గుకు రెండు పుస్తకాల్లో రెండు వేర్వేరు ఉష్ణ విలువలు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి? మా ప్రయోగశాలలో చిన్న మఫిల్ కొలిమి, సున్నితమైన త్రాసు ఉన్నాయి, వీటితో విద్యార్థుల చేత చేయించదగింది ఏమైనా ఉందా?

జవాబు: థర్మల్ కేంద్రం ఇంజనీరు

రెండు పుస్తకాలూ సరైనవే అయి ఉండవచ్చు మాస్టారూ. తేమ పూర్తిగా పోగొట్టిన నమూనాకు కిలోకు 6000 కిలో కేలరీలు అని ఉంటే, అదే బొగ్గు 20 శాతం తేమతో యార్డుకు వచ్చినప్పుడు 4800 మాత్రమే. ఏ స్థితిలోని బొగ్గుకు ఇచ్చిన విలువో చెప్పని అంకెను నమ్మకండి. దానికి తోడు, మండగా వచ్చిన నీటి ఆవిరిని తిరిగి నీరుగా మార్చి ఆ వేడిని కూడా కలిపితే స్థూల విలువ, కలపకపోతే నికర విలువ. బాయిలర్‌లో ఆ ఆవిరి పొగతో పాటే వెళ్లిపోతుంది కాబట్టి నికర విలువ వాస్తవానికి దగ్గర. కేంద్రాల సామర్థ్యాన్ని దేశాల మధ్య పోల్చేటప్పుడు కూడా ఈ తేడా వల్లే చాలామంది పొరబడతారు.

మీకున్న పరికరాలతో ప్రాక్సిమేట్ విశ్లేషణ, అంటే బొగ్గులో తేమ, వాయు పదార్థం, బూడిద పాళ్లు తేల్చే పరీక్ష, చక్కగా చేయించవచ్చు. మెత్తగా నూరిన బొగ్గు ఒక గ్రాము తూచి 105 నుంచి 110 డిగ్రీల దగ్గర గంట సేపు ఆరబెడితే తగ్గిన బరువు తేమ. మరొక గ్రామును మూత పెట్టిన మూసలో 900 డిగ్రీల దగ్గర సరిగ్గా 7 నిమిషాలు ఉంచితే తేమ పోను తగ్గినది వాయు పదార్థం. ఇంకొక గ్రామును మూత లేకుండా 815 డిగ్రీల దాకా నెమ్మదిగా వేడి చేసి, బరువు మారడం ఆగేదాకా కాలిస్తే మిగిలింది బూడిద. ఫిక్స్‌డ్ కార్బన్‌ను (వాయువుగా పోకుండా మిగిలి మండే కార్బన్) విడిగా కొలవరు, వందలోంచి ఈ మూడూ తీసేస్తే వచ్చేది అదే. పొగ వస్తుంది కాబట్టి గాలి బయటికి లాగే ఏర్పాటు ఉన్న చోట చేయించండి, మూసను పటకారుతోనే తీయనివ్వండి.

జవాబు: కోక్ ఓవెన్ల విభాగంలో పనిచేసినవాడు

ఆ 7 నిమిషాల పరీక్షను వీలైతే రెండు రకాల బొగ్గుతో చేయించండి, ఒకటి మామూలు థర్మల్ బొగ్గు, మరొకటి కోకింగ్ బొగ్గు. ఉష్ణ విలువలు దగ్గర దగ్గరగా ఉన్నవి దొరికితే మరీ మంచిది. తూచడం అయ్యాక మూసలు కడిగేయకుండా వాటిని బోర్లించి చూడమనండి. మొదటి దాంట్లోంచి నల్లటి పొడి రాలుతుంది. రెండో దాంట్లోంచి ఉబ్బి గట్టిపడిన ఒక బిళ్ల పడుతుంది, వేలితో నొక్కినా విరగదు. మా ప్రయోగశాలల్లో దాదాపు ఇదే పద్ధతిని ఇంకాస్త కట్టుదిట్టంగా చేసి, ఆ బిళ్ల ఆకారాన్ని ప్రామాణిక బొమ్మలతో పోల్చి 0 నుంచి 9 దాకా అంకె వేస్తారు. ఆ అంకె చూడకుండా ఏ బొగ్గునూ ఓవెన్లలోకి ఎక్కించరు.